పళ్ళు నడుస్తాయా?

పిల్లలూ! మీకు మొట్టమొదటి పాలపన్ను ఊడిన రోజు జ్ఞాపకం ఉన్నదా? దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరమని మీ నాయనమ్మ చెప్పి ఉంటుంది. ఆ తరవాత కొత్త పన్ను ఎప్పుడు వస్తుందా అని మీరు రోజూ అద్దంలో చూసుకుని ఉంటారు. తీరా అది వచ్చాక చూస్తే ఏమయింది? వరసలో బుద్ధిగా నిలబడక, పక్కకు తిరిగి, పొరుగు పన్ను మీదికి ఎక్కి కూర్చున్నది!

ఇక ఇంట్లో తలా ఒక మాట. "అచ్చంగా మేనమామ పోలిక" అంటారు ఒకరు. "నాలుకతో తోస్తూ ఉంటాడు, అందుకే అలా వచ్చింది" అంటారు ఇంకొకరు. "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అంటారు మరొకరు. బడిలో అయితే ఒక్కొక్కప్పుడు ఇంతకన్న చెడ్డ మాటలే వినపడతాయి. ఎవరో ఒక వెక్కిరింత పేరు పెడతారు. అది మొదలు ఆ పిల్లో, ఆ పిల్లవాడో ఫొటో తీసేటప్పుడు పెదవులు బిగబట్టటం నేర్చుకుంటారు. నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. హాయిగా నవ్వవలసిన వయసులో నవ్వును దాచుకోవటం కన్న కష్టం ఏమున్నది?

మరి వంకరగా వచ్చిన పన్ను తిన్నబడుతుందా? తిన్నబడుతుంది. ఎందుచేతనంటే, పళ్ళు నడుస్తాయి! ఇది కథ కాదు. ఎలా నడుస్తాయో చెబుతాను, వినండి.

పన్ను మేకు కాదు

పన్ను దవడ ఎముకలో, చెక్కలో కొట్టిన మేకులాగా బిగిసి ఉంటుందని మనం అనుకుంటాము. అది పొరపాటు. పన్ను వేరుకూ, ఎముకకూ మధ్య ఒక పలచని పొర ఉన్నది. దాని మందం సుమారు పావు మిల్లీమీటరు. ఆ పొర నిండా సన్నని పోగులు. నులకమంచం మీద పడుకున్న మనిషిని నులకతాళ్ళు మోస్తున్నట్టు, ఈ పోగులు పన్నును ఎముకలో వేలాడదీసి పట్టుకుంటాయి. మీరు చెరుకుముక్క కొరికినప్పుడు ఆ అదురు ఎముకకు తగలకుండా ఆపేవి ఇవే.

ఇక ఎముక సంగతి. అది రాయి కాదు, ప్రాణం ఉన్న వస్తువు. అందులో రెండు రకాల పనివాళ్ళు ఉన్నారు. ఒక రకం కణాలు పాత ఎముకను కరిగించి తీసేస్తాయి. రెండో రకం కణాలు కొత్త ఎముకను కడతాయి. పన్నును ఒక పక్కకు మెల్లిగా, రోజుల తరబడి నొక్కుతూ ఉంటే, నొక్కుడు పడిన పక్కన మొదటి రకం పనివాళ్ళు చేరి ఎముకను తొలుస్తారు. పోగులు సాగిన వెనక పక్కన రెండో రకం పనివాళ్ళు చేరి కొత్త ఎముక పోస్తారు. ముందున్న గోడ విప్పుతూ, వెనక గోడ కట్టుకుంటూ పోయినట్టు పన్ను ఎముకలోనే నడిచి వెళుతుంది. కార్ల్ సాండ్‌స్టెడ్ అనే స్వీడన్ దంతవైద్యుడు కుక్కల మీద పరీక్షలు చేసి, సూక్ష్మదర్శినిలో చూసి, ఈ సంగతిని 1904లో వెల్లడించాడు.

ఈ నడక వేగం ఎంతో తెలుసా? సుమారుగా నెలకు ఒక్క మిల్లీమీటరు! "అయితే రెట్టింపు బలంతో తోస్తే రెట్టింపు వేగంగా పోదా?" అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. పోదు. మరీ గట్టిగా నొక్కితే ఆ పలచని పొరలో రక్తం ఆడదు. రక్తం లేకపోతే పనివాళ్ళు రారు. పన్ను కదలకపోగా నొప్పి ఎక్కువవుతుంది, వేరుకు కూడా చెరుపు. అందుకని ఈ వైద్యంలో తొందర పనికిరాదు.

చోటు చాలని పంక్తి

పళ్ళు అసలు వంకరగా ఎందుకు వస్తాయి? పెళ్ళిభోజనాల పంక్తిని తలుచుకోండి. పాలపళ్ళు ఇరవై. అవి లేచి వెళ్ళగానే వాటి చోట్లలో ఇరవైమంది కొత్తవాళ్ళు కూర్చుంటారు. వెనక మరి పన్నెండుమంది చేరి మొత్తం ముప్ఫైరెండు అవుతారు. కొత్తగా వచ్చే ముందుపళ్ళు పాలపళ్ళ కన్న వెడల్పు కూడాను. దవడ పెద్దదయితే అందరూ సుఖంగా సర్దుకుంటారు. దవడ చిన్నదై, పళ్ళు పెద్దవయితే ఒకరినొకరు తోసుకుంటారు. దవడ, పళ్ళ కొలతలు చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేవే. "మేనమామ పోలిక" అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు!

కాని అన్నీ పోలికలే కావు. పంక్తిలో ఒకరు ముందుగానే లేచిపోతే పక్కవాళ్ళు ఆ చోటులోకి జరిగిపోరూ? పాలదవడపన్ను పుచ్చి, వేళకు ముందే తీసివేయవలసి వస్తే అదే జరుగుతుంది. పక్కపళ్ళు ఖాళీలోకి వాలిపోతాయి. తరవాత రావలసిన పన్నుకు విస్తరి ఉండదు. అది చిగురులోనే చిక్కుకుంటుంది, లేదా వరస తప్పి వస్తుంది. "పాలపళ్ళే గదా, ఎలాగూ ఊడిపోయేవే" అని వాటి పుచ్చును అలక్ష్యం చెయ్యకూడదనటం ఇందుకే. ముందుగా పన్ను తియ్యక తప్పకపోతే, ఆ చోటు పోకుండా కాపాడటానికి దంతవైద్యుడు ఒక చిన్న తీగకట్టు పెట్టగలడు. దాన్ని స్పేసు మెయింటెయినరు అంటారు. పంక్తిలో రుమాలు పరిచి చోటు ఆపినట్టన్నమాట!

ఇక్కడే ఇంకొక ముఖ్యమైన సంగతి. ఆరేళ్ళ వయసులో పాలదవడపళ్ళ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద పన్ను చడీ చప్పుడూ లేకుండా వస్తుంది. పైన రెండు, కింద రెండు. ఏమీ ఊడలేదు గనక అవి కూడా పాలపళ్ళే అని చాలామంది తల్లులు అనుకుంటారు. కావు! అవి జన్మంతా ఉండవలసిన పళ్ళు.

అలవాట్లు కూడా కొంత పని చేస్తాయి. పసితనంలో బొటనవేలు చీకని బిడ్డ అరుదు. అది చాలామందికి తనంతట తానే మానిపోతుంది. కాని ఆరేళ్ళు దాటి, కొత్త పళ్ళు వచ్చేటప్పుడు కూడా వేలు నోట్లోనే ఉంటే, పైపళ్ళు ముందుకు తోసుకువస్తాయి. అలాటి పిల్లలను కొట్టీ, తిట్టీ, వేలికి కారం రాసీ లాభం లేదు. బుజ్జగించి మాన్పించాలి. వాళ్ళవల్ల కాకపోతే వైద్యుడు సాయం చేస్తాడు. ఎప్పుడూ నోటితోనే ఊపిరి పీల్చే పిల్లలకు ముక్కు వెనక కండ పెరిగి ఉండవచ్చు. ముందు దాన్ని డాక్టరుకు చూపాలి.

డబ్బామీద మూత

ఇప్పుడు అద్దం తెచ్చుకోండి. వెనకపళ్ళు కలిసేటట్టు నోరు మూసి, పెదవులు మాత్రం విప్పి చూడండి. పై పలువరస కింది పలువరసకన్న కాస్త పెద్దది. డబ్బామీద మూత కూర్చున్నట్టు చుట్టూ కొంచెం బయటికి ఉండి కప్పాలి. మీ మూత ఎలా కూర్చున్నది?

మూత బాగా ముందుకు జరిగి ఉంటే, వాటినే ఎత్తుపళ్ళు అంటారు. పైపళ్ళు ముందుకు వచ్చి ఉండవచ్చు. లేదా కిందిదవడే వెనకబడి ఉండవచ్చు. ఇటువంటి పిల్లలు పరుగెత్తుతూ బోర్లాపడినా, బంతి తగిలినా ముందుగా విరిగేది ఆ పళ్ళే. అందుచేత ఇది అందానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు.

మూత డబ్బాలోపలికి పోయి, కిందిపళ్ళు పైపళ్ళకు ముందు ఉంటే, దాన్ని చిన్నతనంలోనే చూపించాలి. మూత ఒక పక్కన లోపలికి పోయి, నోరు మూసేటప్పుడు దవడ పక్కకు జరుగుతూ ఉన్నా అంతే. పెరిగే దవడ ఆ వంకరలోనే పెరిగిపోగలదు.

మూత మరీ లోతుగా దిగి కిందిపళ్ళు పూర్తిగా కనపడకుండా పోవటం ఇంకొక రకం. కిందిపళ్ళు పై చిగురును పొడుస్తూ ఉంటే నొప్పీ, పుండూ తప్పవు. ముందుపక్క మూత పడనే పడక, కిటికీలాగా ఖాళీ ఉండిపోవటం వేరొక రకం. అటువంటివాళ్ళు జామపండు ముందుపళ్ళతో కొరకలేరు, పక్కపళ్ళతో కొరకవలసిందే.

ఇలాటి తేడాలను ఆరేళ్ళకు వచ్చే ఆ పెద్దపళ్ళు పైవీ కిందవీ ఎలా కలుస్తున్నాయో చూసి వర్గాలుగా విభజించినవాడు ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా దంతవైద్యుడు. ఆయన 1899లో చెప్పిన ఆ విభజననే ఈనాటికీ ప్రపంచమంతటా దంతవైద్య విద్యార్థులు చదువుతున్నారు.

ఏ పనికి ఏ వయసు?

"పెద్దయితే అదే సర్దుకుంటుంది" అన్న మాట కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల ప్రమాదం. ఏది ఏదో తెలుసుకోవాలి.

ఏడెనిమిదేళ్ళ పిల్లలకు పై ముందుపళ్ళ మధ్య సందు ఉండటం, ఆ పళ్ళు పక్కలకు విచ్చుకుని ఉండటం మామూలే. పదకొండు, పన్నెండేళ్ళకు కోరపళ్ళు దిగేటప్పటికి ఆ సందు చాలామందిలో దానంతట అదే మూసుకుపోతుంది. కింద పాలపన్ను ఊడకముందే దాని వెనక కొత్త పన్ను లేచి, రెండు వరసలు కనపడినా కంగారు పడవద్దు. పాలపన్ను కదిలి ఊడిపోతే, నాలుకే కొత్తదాన్ని ముందుకు తోస్తుంది. రెండు మూడు నెలలైనా పాలపన్ను కదలకపోతే అప్పుడు చూపించండి.

సర్దుకోనివి కూడా ఉన్నాయి. పైదవడ ఇరుకై మూత పక్కకు పడితే, ఏడెనిమిది నుంచి పన్నెండేళ్ళలోపు అంగిట్లో ఒక మరకట్టు పెడతారు. ఇంట్లో అమ్మ రోజూ చిన్న తాళంచెవితో దాన్ని ఒక చుట్టులో నాలుగోవంతు తిప్పుతుంది. తిప్పినప్పుడల్లా అది పావు మిల్లీమీటరు విచ్చుకుంటుంది. అంగిలి ఎముక నడుమ ఉన్న అతుకు చిన్నతనంలో ఇంకా గట్టిపడదు గనక, దవడ కొద్దికొద్దిగా వెడల్పవుతుంది. పెద్దయిన తరవాత ఇదే పని ఎంతో కష్టం.

కిందిదవడ వెనకబడినవాళ్ళకు, ఒళ్ళు గబగబా పొడుగు పెరిగే వయసు మంచి అదను. ఆ రోజులలో తీసిపెట్టుకునే ఒక కట్టుతో దవడను ముందుకు పట్టి ఉంచుతారు. ఇక వరస తప్పిన పళ్ళను సర్దటానికి, పాలపళ్ళన్నీ ఊడి కొత్తవి వచ్చే పదకొండు నుంచి పధ్నాలుగేళ్ళ కాలం అనువయినది.

"అయ్యో, మా అక్కకు ఇరవై ఏళ్ళు దాటాయే!" అంటారా? ఏమీ పరవాలేదు. చిగుళ్ళూ, ఎముకా గట్టిగా ఉంటే నలభై ఏళ్ళవాళ్ళ పళ్ళు కూడా నడుస్తాయి. దవడ ఎముకలే బాగా ఎక్కువ తక్కువలయితే మాత్రం, పెరుగుదల ఆగిన తరవాత శస్త్రచికిత్స చేసి సరిచెయ్యవలసి వస్తుంది. అది కొద్దిమందికే.

తీగ చేసే పని

పళ్ళు తిన్నగా చెయ్యాలన్న ఆలోచన కొత్తది కాదు. 1728లో పియెర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు దంతవైద్యం మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. అందులో, గుర్రపునాడా ఆకారం గల లోహపు పట్టీకి పళ్ళను దారాలతో కట్టి లాగే ఉపాయం చెప్పాడు. ఈనాటి క్లిప్పులకు అది తాతవంటిది.

ఇప్పుడు ప్రతి పన్ను మీదా ఒక చిన్న బిళ్ళ అంటిస్తారు. బిళ్ళల గాళ్ళలోనుంచి ఒక సన్నని తీగ పోనిస్తారు. నికెలు, టైటేనియం కలిసిన ఈ తీగకు ఒక చిత్రమైన గుణం ఉన్నది. వంకర పళ్ళ వెంబడి వంచి కట్టినా, తన పాత ఆకారాన్ని మరిచిపోదు. మళ్ళీ వంపు సరిచేసుకోవాలని మెల్లిగా లాగుతుంది. తాను సర్దుకుంటూ పళ్ళను కూడా వెంట తెచ్చుకుంటుంది! నెలకో, నెలన్నరకో ఒకసారి వైద్యుడు చూసి తీగ మారుస్తాడు. పని మొత్తానికి మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. బిళ్ళలు ఉక్కువి ఉన్నాయి, పంటి రంగులో కలిసిపోయే పింగాణీవీ ఉన్నాయి. పింగాణీవాటి ఖరీదు ఎక్కువ.

1990ల చివరినుంచి తీగలు లేని పద్ధతి కూడా వచ్చింది. పళ్ళ మీద తొడుక్కునే పారదర్శకమైన తొడుగులు చేసి, వారానికో రెండు వారాలకో ఒకటి చొప్పున మారుస్తారు. వీటిని అలైనర్లు అంటారు. తినేటప్పుడు తీసి, మిగతా సమయమంతా, అంటే రోజుకు ఇరవై, ఇరవైరెండు గంటలు పెట్టుకోవాలి. తీసి జేబులో వేసుకు తిరిగేవాళ్ళకు అవి పనిచెయ్యవు.

చోటు మరీ చాలనప్పుడు వైద్యుడు రెండో, నాలుగో చిన్న దవడపళ్ళు తియ్యాలంటాడు. "మంచి పళ్ళు తీయటమేమిటి?" అని ఇంట్లో గోల పుట్టటం సహజం. అందరికీ తియ్యనవసరం లేదు. కొందరికి తియ్యకపోతే చోటు రాదు. ఎందుకు తీస్తున్నారో, తియ్యకపోతే ఏమవుతుందో వైద్యుణ్ణి అడిగి, ఎక్స్‌రేలూ అచ్చులూ చూపించమని తెలుసుకోవటం మంచిది.

చివరకు క్లిప్పులు తీసిన రోజున పని అయిపోయిందని అనుకునేరు సుమా! పన్ను చుట్టూ సాగిన పోగులకు పాత చోటు జ్ఞాపకం ఉంటుంది. అవి మళ్ళీ అటే లాగుతాయి. అందుకే రిటైనరు అనే కట్టు ఇస్తారు. కొన్నాళ్ళు దాదాపు రోజంతా, ఆ తరవాత కొన్ని ఏళ్ళపాటు రాత్రిళ్ళు పెట్టుకోవాలి. రెండేళ్ళు నడిచి ఊరు చేరిన పళ్ళు, ఇది మానేస్తే వెనక్కు ప్రయాణం కడతాయి.

క్లిప్పులున్నవాళ్ళ దినచర్య

వేసిన మొదటి నాలుగైదు రోజులు పళ్ళు సలుపుతాయి. పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా వంటివి తింటే సరి. తీగ బుగ్గకు గుచ్చుకుంటే వైద్యుడిచ్చిన మైనం దానిమీద అద్దాలి. జంతికలు, చేగోడీలు, వేరుశనగపప్పు ఉండలు, చెరుకుముక్కలకు కొన్నాళ్ళు సెలవు చెప్పాలి. ఇవి బిళ్ళలను ఊడదీస్తాయి. జామపండయినా, మామిడికాయయినా ముక్కలు కోసుకుని వెనకపళ్ళతో నమలాలి. బిళ్ళ ఊడినప్పుడల్లా పని కొన్ని వారాలు వెనకబడుతుంది.

అన్నిటికన్న ముఖ్యం, తిన్న ప్రతిసారీ పళ్ళు తోముకోవటం. తీగల చుట్టూ అన్నం మెతుకులూ తీపీ నిలిచిపోతే, క్లిప్పులు తీసిన తరవాత పళ్ళు తిన్నగా ఉంటాయి గాని, వాటి మీద తెల్లని మచ్చలు మిగిలిపోతాయి. ఇల్లు కట్టి గోడలకు బురద పూసుకున్నట్టే!

పెద్దలకు ఒక మాట

మీ బిడ్డ పలువరసను ఏడేళ్ళ వయసులో ఒకసారి దంతవైద్యునికి చూపించండి. చూపించినంత మాత్రాన క్లిప్పులు వెయ్యాలని కాదు. చాలామందికి "ఏమీ అవసరం లేదు, ఏడాదికొకసారి తీసుకురండి" అన్నదే జవాబు. చిన్న వంకర ఉండి, నమలటానికీ, తోముకోవటానికీ అడ్డం లేక, బిడ్డకు దాని గురించి బాధ లేకపోతే, వదిలెయ్యటం కూడా మంచి నిర్ణయమే.

ఈ విద్యలోనే ఎం.డి.యస్. చదివిన దంతవైద్యుణ్ణి ఆర్థోడాంటిస్టు అంటారు. గ్రీకు భాషలో 'ఆర్థోస్' అంటే తిన్ననిది. ఆయనను మొదటనే మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగవచ్చునా? మొత్తం ఖర్చు ఎంత, అందులో రిటైనరు కలిసి ఉన్నదా? తీగలే కావాలా, వేరే దారి ఉన్నదా? ఖర్చు భరించటం కష్టమయితే దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో విచారించండి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. ముందుపళ్ళ సందు పోగొట్టాలని ఎవరో చెప్పారని ఇంట్లో రబ్బరు బ్యాండు తగిలించవద్దు. పన్ను వేరు కిందికి పోను పోను సన్నబడుతుంది గనక ఆ రబ్బరు చిగురులోపలికి జారిపోయి, కనపడకుండా ఎముకను తినేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న రెండు పళ్ళూ ఊడి చేతికి వస్తాయి. పళ్ళు నడుస్తాయన్నది నిజమే గాని, దారి తెలిసినవాళ్ళు నడిపిస్తేనే.

పిల్లలూ, ఇక మీకొక పని. మీ తరగతిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే నేస్తం ఎవరైనా ఉంటే, ఈ నెల పుస్తకం తీసుకువెళ్ళి ఈ పేజీ చూపించండి. క్లిప్పులు వేసుకు వచ్చిన నేస్తాన్ని ఎవరైనా వెక్కిరిస్తే, "వాడి పళ్ళు నెలకొక మిల్లీమీటరు నడుస్తున్నాయిరా, నీవి కదలగలవా?" అని అడగండి. అప్పుడు అందరూ నవ్వుతారు, మీ నేస్తం కూడా. ఆ నవ్వుకు చెయ్యి అడ్డం రాదు!